జతలేని ఎర్రగుడ్డ

మొదట అతని దగ్గర ఉన్నవి ఒక కావడిబద్ద, రెండు ఉట్లు, రెండు గంపలు. మొత్తం ఐదు. భుజాన్ని కూడా కలిపితే ఆరవుతాయి. కానీ భుజం అందరికీ ఉండేదే కాబట్టి అతను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

అతనుండే కోట ఊరు రెండు కొండల నడుమ ఉంది. ఏడాదిలోని రోజులన్నీ తూర్పు ద్వారంలోంచి ఆ ఊళ్ళోకి వచ్చి, పడమటి ద్వారంలోంచి వెళ్ళిపోతాయి. ఒక రోజు దాటితేనే ఇంకో రోజు వస్తుంది. ప్రతి రోజు నెత్తినా ఒక మూట ఉంటుంది. అన్ని ఏళ్ళలో, అన్ని దేశాల్లో, ఆ తేదీన జరిగినవన్నీ ఆ మూటలో ఉంటాయి. కొన్ని రోజులు చేతులూపుకుంటూ పోతాయి. కొన్ని మెడ వంచుకుని పోతాయి.

ఒకనాడు వచ్చిన రోజు ఒక ముసలవ్వ. మధ్యాహ్నానికి ఆమె వీధి నడుమదాకా మాత్రమే రాగలిగింది. అక్కడే మూట దించి కూలబడింది.

పడమటి ద్వారం కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, ఇది సత్రం కాదు. పొద్దు కుంకితే తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. నువ్వు దాటకపోతే రేపు ఎట్లా వస్తుంది?"

"రాదు," అంది అవ్వ. "నిరుటిదాకా మోశాను నాయనా. నిరుడు మూటలో ఇంకొకటి పడింది."

కావడి యువకుడు ముందుకొచ్చాడు. "నేను మోస్తానవ్వా. ఎంత మూటైనా రెండు గంపల్లోకి పంచితే ఒక్కో పక్క సగమే."

"సగం, సగం కలిస్తే మళ్ళీ అంతేగా, లెక్కల మారాజా!" అని నవ్వాడు కాపలావాడు.

"కలవవు మామా. మధ్యలో నా మెడ ఉంటుంది."

అవ్వ ముడి విప్పింది. వీధి వీధంతా చుట్టూ మూగింది.

మూటలో పిడికిటికి మించిన వస్తువు ఒక్కటీ లేదు. దేన్ని ఎత్తాలన్నా రెండు చేతులూ కావలసి వచ్చింది. ఒక కిరీటం ఉంది. కాలిన తలుపు గడియ ఉంది. ఓడ చుక్కాని ముక్క ఒకటి ఇంకా తడిగానే ఉంది. దాన్ని బయటికి తీయగానే, సముద్రాన్ని ఎన్నడూ చూడని ఆ ఊరు ఉప్పువాసనతో నిండిపోయింది. తెగిన సంకెల, భూకంపంలో కూలిన నగరపు రాయి, ఇంకా చాలా ఉన్నాయి. ఒక ఆకు పొట్లంలో చిటికెడు బూడిదరంగు ధూళి ఉంది.

"ఇది ఎక్కడిదవ్వా?"

కొండమీద పగటి చంద్రుడు వెలవెలబోతూ ఉన్నాడు. అవ్వ అటు వేలు చూపించింది.

"అక్కడికీ వెళ్ళారా!" యువకుడి గొంతు దానంతటదే తగ్గిపోయింది. "ఇవన్నీ ఒకే ఏట జరిగాయా?"

"ఒకే తేదీన. చాలావాటి నడుమ వందల ఏళ్ళ ఎడం. ఒకదాన్నొకటి చూసుకోనైనా లేదు. నా నెత్తిమీదే కలిశాయి."

అతను మంచివన్నీ ముందు గంపలో, చెడ్డవన్నీ వెనక గంపలో వేశాడు. ఎవరైనా అట్లాగే వేస్తారు. ఎత్తగానే కావడి ఒరిగి, బద్ద చిటచిటలాడింది. రెండు పక్కలా సమానంగా లెక్కపెట్టి వేశాడు. అప్పుడూ ఒరిగింది.

"బరువు తగ్గించు," అని కాపలావాడు గంపలో చెయ్యి పెట్టాడు. "ఈ మాడిపోయిన గడియ ఎవడిక్కావాలి? కిరీటం మాత్రం ఉండాలి. ఆ పట్టాభిషేకానికి గొడుగు పట్టింది మా తాత."

మజ్జిగ అమ్మే ఆమె కుండ దించింది. "ఆ గడియ మా ఊరిదయ్యా. మీ తాత గొడుగు పట్టిన పూటే మా ఊరు తగలబడింది. ఆ మంటల్లోంచి మా నాయనమ్మ..."

కాపలావాడు గడియను వీధి పక్క కాలవలోకి గిరాటేశాడు.

"మా నాయనమ్మ..." ఆమె ఆగిపోయింది. తన చేతులకేసి చూసుకుంది. "నేనేం చెబుతున్నాను?"

"ఏదో గొడుగు సంగతి..." అన్నాడు కాపలావాడు. అతనూ తన అరచేతిని చూసుకున్నాడు. "గొడుగేమిటి? ఎవరు పట్టారు?"

యువకుడు గంపకేసి చూశాడు. కిరీటం ఊకలాగా తేలికైపోయి, గంప పైకి లేచింది. అతను కాలవలోకి దూకి, బురదలో చేతులతో వెతికి గడియను పైకి తెచ్చాడు. మజ్జిగామె నాయనమ్మ పేరు పలికి ఏడ్చింది. కాపలావాడికి తాత గుర్తొచ్చాడు. కానీ ఈసారి అతనేమీ గొప్ప చెప్పుకోలేదు.

"తెలిసింది," అన్నాడు యువకుడు. "మంచికి మంచి తూగదు. దేనికి జత ఏదో చూడాలి."

అతను కిరీటాన్ని ముందు గంపలో, గడియను వెనక గంపలో వేశాడు. బద్ద నిలిచింది. చుక్కాని ముక్కకు ఎదురుగా తెగిన సంకెల వేశాడు. మళ్ళీ నిలిచింది. కూలిన నగరపు రాయికి ఎంత వెతికినా జత దొరకలేదు. చివరికి ఆ చిటికెడు ధూళి సరిగ్గా తూగింది. ఎందుకు తూగిందో అతనికి తెలియలేదు. వరసగా ఒక్కో జతా కుదురుతూ పోయింది. చూస్తున్నవాళ్ళు చేతులు జోడించారు, ఎవరికి జోడించారో వాళ్ళకూ తెలియదు.

మూట అడుగున ఎర్రగుడ్డ పేలిక ఒకటి మిగిలింది.

"గుడ్డపేలికే కదరా, వదిలెయ్యి," అన్నాడు కాపలావాడు. "పొద్దు వాలుతోంది."

యువకుడు దాన్ని ఎత్తబోయాడు. అదీ రెండు చేతుల బరువే.

"ఇదెవరిదవ్వా?"

"నువ్వు పుట్టిందెప్పుడు నాయనా?"

"తెలీదు. వానలకు ముందని అమ్మ అనేది."

"ఇవాళే. నీకు పొత్తిగుడ్డ చేద్దామని మీ అమ్మ తన చీర కొంగు చింపింది. ఇది ఆ కొంగే."

అన్ని లెక్కలూ తెలిసినవాడికి తన తేదీ తెలియడం అదే మొదలు. అతను గుడ్డను చెంపకు ఆనించుకున్నాడు. కాపలావాడు రెండడుగులు వెనక్కి వేశాడు. వదిలేస్తే ఏమవుతుందో అందరూ ఇందాకే చూశారు.

గుడ్డను ముందు గంపలో వేశాడు. ముందు పక్క దిగిపోయింది. బద్ద మీద సన్నటి పగులు కనిపించింది. వెనక గంపలో పిడికెడంత చోటు ఖాళీగా ఉంది.

"దీనికి జత ఏదవ్వా?"

"వెతికావుగా."

"అంతా వెతికాను. లేదు."

"ఈ మూటలో ఉండేవి జరిగినవే నాయనా. దాని జత ఇంకా జరగలేదు."

సూర్యుడు కొండ అంచును తాకాడు. పడమటి తలుపులు కదిలాయి. కాపలావాడు పరుగున వెళ్ళి ఒక రెక్కకు వీపు ఆనించాడు. రెండో రెక్కను మజ్జిగామె పట్టుకుంది. "ఆగట్లేదయ్యా, రా!" అని అరిచింది. అవ్వ లేచి యువకుడి పక్కన నిలబడింది.

యువకుడు బద్ద కింద భుజం పెట్టాడు. ముందు గంప నేలవైపు లాగింది. అతను కళ్ళు మూసుకుని తన దగ్గరున్నవి ఇంకోసారి లెక్కపెట్టుకున్నాడు. ఒక బద్ద, రెండు ఉట్లు, రెండు గంపలు. ఐదు. ఈసారి భుజాన్నీ కలిపాడు.

"ఆరు," అన్నాడు పైకే.

కళ్ళు తెరిచి, ద్వారంవైపు చూసి, కుడికాలు ఎత్తాడు.