బాణాల బయలులో వరినాట్లు

చిత్రగిరి అని ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే ప్రతాపకేతుడు చెడ్డవాడేమీ కాడు. కాని తాను చేయించిన పనిలో లోపం ఉందని ఎవరైనా అంటే మాత్రం ఆయనకు బొత్తిగా గిట్టేది కాదు. ఆయన కొలువులో మాచన అనే చమత్కారి ఉండేవాడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. నవ్విస్తూ నవ్విస్తూ ఒక మంచి మాట చెవిన వేయడం అతని అలవాటు.

చిత్రగిరి విలుకాండ్రు పూర్వం కొండ వెనక మెట్ట మీద సాధన చేసేవారు. ఒక వేసవిలో రాజుగారికి కొత్త ముచ్చట పుట్టింది. తాను మేడ మీద కూర్చుంటే వాళ్ళ సాధన కళ్ళెదుట కనిపించాలి, వచ్చిన అతిథులకు చూపించాలి. వెంటనే కోట వెనక ఉన్న పల్లపు నేలను చదును చేయించి, చుట్టూ రాతి గోడ కట్టించి, బాణాల బయలు అని పేరు పెట్టాడు.

"ఈ స్థలం ఎంచింది నేనే!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

వానలు మొదలయ్యాయి. కొండ మీది నీళ్ళన్నీ ఆ పల్లంలోకే దిగాయి. గోడ అడ్డు కావడంతో బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచాయి. విలుకాడు అల్లెతాడు లాగే సరికి కాలు జారేది. బాణం ఆకాశం వంక పోయేది. గురి తప్పిన బాణాలు రెక్కలదాకా దిగబడి మళ్ళీ దొరికేవి కావు. గడ్డితో కట్టిన గురిబొమ్మలు నానిపోయి, ఒక్కొక్కటే పక్కకు ఒరిగి పడుకున్నాయి.

మేడ మీంచి చూస్తున్న రాజుకు ఒళ్ళు మండింది. దసరాకి పొరుగు రాజు తన విలుకాండ్రను వెంటబెట్టుకుని పందేనికి వస్తున్నాడు మరి.

"ఏమిటీ తప్పతాగిన నడకలు?" అని కేకవేశాడు.

ఎర్రన అనే విలుకాడు అప్పుడే వెల్లకిలా పడి లేస్తున్నాడు. నొప్పిలో నోరు జారాడు.

"తాగలేదు మహాప్రభూ! ఈ బురదలో కాలు నిలవడం లేదు."

"నేను ఎంచిన నేలను బురద అంటావా?" అని రాజు మండిపడ్డాడు. అక్కడికక్కడే శాసనం చేశాడు. బాణాల బయలులో బురద అన్న మాట ఎవరి నోట వచ్చినా సరే, వాళ్ళు ఆ పొద్దు గుంకేలోగా రాజ్యం పొలిమేర దాటాలి!

ఆ సాయంత్రం ఎర్రన భార్యతో, చంటిపిల్లతో, నెత్తిన మూటతో కోటవాకిలి దాటుతుంటే మాచన చూశాడు. ఎర్రన ఏడవలేదు. "ఎక్కడికి పోతాం?" అని భార్య అడిగితే పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. మాచనకు ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు కొలువులో మాచన మెల్లగా కదిపాడు.

"మహాప్రభూ, బాణాల బయలుకు కాస్త తడి ఎక్కువైనట్టుంది."

"నువ్వూ వాళ్ళ పక్షమేనా?" అన్నాడు రాజు. "నేల రాయిలా ఉంది. లోపం వాళ్ళ కాళ్ళలో ఉంది. అంత తెలివిగలవాడివైతే దసరాదాకా ఆ బయలు నీకే అప్పగిస్తున్నాను. గోడ మీద చెయ్యి వేయకూడదు, సాధన వేరే చోటికి మార్చకూడదు. పందెంలో మనవాళ్ళ గురి తప్పిందా, వాళ్ళతోపాటు నువ్వూ పొలిమేర దాటాలి."

"చిత్తం. అంతదాకా నేను అక్కడ ఏం చేయించినా ఎవరూ అడ్డు రాకూడదు."

"రారు, పో!"

విలుకాండ్ర నాయకుడు బయ్యపనాయుడు బయట మాచనను పట్టుకున్నాడు. "ఏం చేద్దామని మాచనగారూ? గోడ తెగ్గొట్టి నీళ్ళు వాగులోకి వదిలితే తప్ప దారి లేదు. ఆ గోడ ముట్టుకోవద్దన్నారు కదా!"

"ముట్టుకోవద్దు. రేపు పొద్దున నువ్వు, నీ మనుషులు గోడ మీద కూర్చుని చూస్తూ ఉండండి."

అక్కణ్ణించి మాచన తిన్నగా ఊళ్ళోకి వెళ్ళి, నాట్లు వేసే ఆడవాళ్ళకు పెద్దయిన పోలేరక్కను కలిశాడు. సంగతి విని ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"రాజుగారి బాణాల బయల్లో నాట్లా! తలలు పోతాయి సామీ!"

"పోతే ముందు నాది పోతుంది. నా తర్వాతే నీ వంతు. కాని ఒక్క మాట గుర్తుపెట్టుకో, పోలేరక్కా. మీరు ఏమైనా పాడుకోండి, ఆ మాట మాత్రం అనకండి."

"ఏ మాట?"

"అదే. మీ కాళ్ళకు అంటుకునేది."

తెల్లవారింది. పాట విని రాజు మేడ మీదికి వచ్చాడు. కింద ఆడవాళ్ళు చీరలు ఎగగట్టి, నడుములు వంచి, వరుసగా నారు నాటుతున్నారు. బాణాల బయలు సగం పచ్చబడి ఉంది. గోడ మీద విలుకాండ్రు నవ్వు బయటపడకుండా నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

రాజు చెప్పులైనా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగి వచ్చాడు. గోడ పక్కన మాచన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాచనా! ఏమిటిది?"

"చిన్న పరీక్ష మహాప్రభూ. ఇది రాయిలాంటి నేలని తమరే సెలవిచ్చారు. విలుకాండ్రు నమ్మడం లేదు. అందుకే నారు నాటిస్తున్నాను. రాతినేలలో నారు బతకదు కదా! రెండు పొద్దులు చూసి, ఎండిపోగానే వాళ్ళకు చూపించి బుద్ధి చెబుతాను."

"ఎండుతుందా? అది అప్పుడే నిలబడి తల ఊపుతుంటేను! పీకించు!"

"దసరాదాకా ఎవరూ అడ్డు రారని మాట ఇచ్చారు."

"అయితే నేనే పీకుతాను!" అని రాజు పంచె ఎగదోపి బయల్లోకి అడుగు వేశాడు. మొదటి అడుగు పిక్కదాకా దిగింది. రెండో అడుగు మోకాలిదాకా దిగింది. మూడో అడుగు వేయబోతే కాలు వచ్చింది, చెప్పు రాలేదు. తూలి, రెండు చేతులూ ముందుకు చాచి, నాటిన నారు మీద చతికిలబడ్డాడు.

పోలేరక్క పాట ఆపేసింది.

"చూస్తారేమిట్రా! నన్ను ఈ బురదలోంచి లాగండి!" అని రాజు అరిచాడు.

ఎవరూ కదల్లేదు. ఆ మాట ఆయన చెవిన పడడానికే కొంతసేపు పట్టింది. ఆయన మొహం మొదట ఎర్రబడి, తర్వాత పాలిపోయింది.

మాచన గబగబా లోపలికి దిగి ఆయనకు చెయ్యి అందించి గోడ పక్కకు లాగాడు.

"శాసనం తమరిదే మహాప్రభూ" అన్నాడు మెల్లగా. "పొద్దు గుంకేలోగా ఎవరో ఒకరు పొలిమేర దాటక తప్పదు. రాజు దాటితే రాజ్యానికి దిక్కు లేదు. దాటకపోతే రాజు మాటకు విలువ లేదు. నాకు ఒక ఉపాయం తోస్తోంది. ఆ మాట అన్నవారిని వదిలేసి, ఆ మాటనే దాటిద్దాం. గోడకు గండి కొట్టిస్తే, కాలువ తీయిస్తే అది వాగులో పడి తనంతట తానే పొలిమేర దాటిపోతుంది."

రాజు మాచన వంక చూశాడు. తన చేతుల వంక చూసుకున్నాడు. వేళ్ళ మధ్య ఒక నారుమొక్క ఇరుక్కుని ఉంది. ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. రాజు నవ్వడంతో గోడ మీది వాళ్ళందరూ ఊపిరి పీల్చుకుని పగలబడి నవ్వారు.

"బయ్యపా! గోడ తెగ్గొట్టించు. కాలువ తీయించి, నిలబడే చోట ఇసుక, గులకరాళ్ళు పోయించు. ఎర్రనకోసం గుర్రం పంపించు. భార్యను, పిల్లను బండిలో తీసుకురమ్మను. నారు పాడుచేయవద్దు, తీసుకెళ్ళి వేరే మడిలో నాటుకోమను."

తర్వాత ఆయన మాచన వైపు తిరిగి కాలికి మిగిలిన ఆ ఒక్క చెప్పూ తీసి అతని చేతిలో పెట్టాడు. దాని పట్టీ నిండా కెంపులు పొదిగి ఉన్నాయి.

"ఇది నీకు బహుమానం."

"ఒకటేనా మహాప్రభూ?"

"రెండోది ఇందులోనే ఎక్కడో ఉంది. నన్ను దింపావుగా, ఇప్పుడు నువ్వు దిగి వెతుక్కో!"

మాచన పంచె ఎగగట్టి మళ్ళీ దిగి వంగాడు. బయ్యపనాయుడు, విలుకాండ్రు గోడ దూకి అతనితోపాటు వంగారు. చెప్పు దొరికేసరికి మధ్యాహ్నమైంది. ఈలోగా పోయిన బాణాలు కూడా ఒక మోపెడు దొరికాయి.