ధూమకేశుడి మూడో కుండ

ఏ యుగంలోనో, ఏ దిక్కునో నేను చెప్పలేను గాని, ఒక రాజుండేవాడు. ఆయన పేరు వీరకేతు. ఆయన ఏలే రాజ్యం సురభిదేశం. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు. కత్తి పట్టాడంటే ఎదుట నిలిచేవాడు లేడు. రెండోవాడు గుణశేఖరుడు. నోరు విప్పాడంటే పగవాడు కూడా మెత్తబడేవాడు. మూడోవాడు కువలయుడు. అతనికి కత్తీ అబ్బలేదు, మాటలూ అబ్బలేదు. తేనెటీగలంటే మాత్రం ప్రాణం.

అది చనిపోయిన తల్లి నేర్పిన సరదా. అంతఃపురం వెనక తోటలో మట్టికుండలు పక్కకు ఒరగబెట్టి, మూతలో చిన్న కంత వదిలి, వాటిలో ఈగలను పెంచేవాడు. చలి తగ్గి మామిడి పూత కనబడగానే అతని పని మొదలయ్యేది. మూత తీసి, చచ్చిన ఈగలను నెమలీకతో ఊడ్చేవాడు. నల్లబడిన పాత తేనెపట్టు కోసి పారేసేవాడు. ఆకలితో ఉన్న కుండకు తేనెనీళ్ళు పెట్టేవాడు. రాణి ఈగ గుడ్లు పెడుతోందా లేదా అని తొంగి చూసేవాడు. బుగ్గ మీద కుట్టించుకుని, ఉబ్బిన మొహంతో కొలువుకు వస్తే అన్నలిద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు.

"శత్రువులు దండెత్తి వస్తే మావాడు ఈగల్ని తోలతాడు లెండి!" అనేవాడు రణధీరుడు.

ఒక వసంతకాలంలో ధూమకేశుడనే మాంత్రికుడు సురభిదేశానికి వచ్చాడు. వాడి జుట్టు పొగలాగా గాలిలో లేస్తూ ఉండేది. వాడు కొండమీద నిలబడి తోలుసంచి మూతి విప్పి ఏదో గొణిగాడు. అంతే, అడవి పట్లలో ఈగలు, కొండ చరియల పట్లలో ఈగలు, కువలయుడి కుండల్లో ఈగలు, అన్నీ నల్లటి తాడులా పేనుకుని ఆ సంచిలోకి పోయాయి. వాడు సంచి భుజాన వేసుకుని ఏడు సముద్రాల అవతలికి వెళ్ళిపోయాడు.

మొదట ఎవరికీ భయం వెయ్యలేదు. "కుట్టేవి పోయాయి, పీడా వదిలింది" అన్నారు కొందరు. మామిడి పూసింది, పూత రాలిపోయింది. గుమ్మడి పూసింది, పిందె పట్టలేదు. దోస, ఆనప, నువ్వు, ఆవ, కంది, పూసినవి పూసినట్టే మాడిపోయాయి. వరి పండే నేల ఆ దేశంలో తక్కువ. మరుసటేడు విత్తుకోవడానికి గింజ లేదు. ఆ పై ఏడు పొయ్యి వెలగని ఇళ్ళే ఎక్కువ. ముందు పసిపిల్లలు పోయారు. తరవాత ముసలివాళ్ళు పోయారు. పాతిపెట్టడానికి ఓపికున్నవాళ్ళు కూడా కరువయ్యారు.

మాఘమాసంలో రణధీరుడు కత్తి పట్టుకుని బయలుదేరాడు. తిరిగి రాలేదు. ఫాల్గుణంలో గుణశేఖరుడు బయలుదేరాడు. తిరిగి రాలేదు. చైత్రం రాగానే కువలయుడు తండ్రి కాళ్ళకు మొక్కాడు.

"నువ్వూ పోతావా? నాకు మిగిలింది నువ్వొక్కడివేరా!" అన్నాడు రాజు.

"నేను పోకపోతే నాలుగు రోజులు ఎక్కువ మిగులుతాను, అంతే నాన్నగారూ" అన్నాడు కువలయుడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి ఎలుగుబంటి పడి ఉంది. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ లేదు. కువలయుడు తన మూటలో మిగిలిన అటుకులు దాని నోట్లో పోశాడు. అది తిని, కళ్ళు తెరిచి, మనిషిలా మాట్లాడింది.

"తేనె లేని అడవిలో నాకేం పని బాబూ? వాడి దీవికి నేను ఈదుతాను. నా వీపు ఎక్కు."

ఉప్పు సముద్రం దాటారు, నల్ల సముద్రం దాటారు, అలా ఏడూ దాటారు. దీవి కనబడగానే ఎలుగుబంటి అంది: "వాడి ప్రాణం వాడి ఒంట్లో ఉండదు బాబూ. ఒక రాణి ఈగలో దాచుకున్నాడు. అది ఏ కుండలో ఉందో నాకు తెలియదు."

దీవి మీద నిలువెత్తు కుండలు మూడు వరసగా ఉన్నాయి. సురభిదేశపు ఈగలన్నీ వాటిలోనే ఉన్నాయి. వాటి పక్కన ధూమకేశుడు మంచం మీద పడుకుని దగ్గుతున్నాడు. వాడి వేళ్ళు కొసల దగ్గర నల్లబడ్డాయి. కువలయుడిని చూసి వాడు కోప్పడలేదు. అతని చేతుల మీద పాత కాట్ల మచ్చలు చూసి లేచి కూర్చున్నాడు.

"నీకు ఈగలు తెలుసా?"

"తెలుసు."

"నాకు పట్టుకోవడమే తెలుసురా, పెంచడం తెలియదు. నా కుండలు మూడూ పాడవుతున్నాయి. వైశాఖం దాటేలోగా మూడింటినీ బాగుచెయ్యి. చేస్తే ఈగలన్నీ తీసుకుపో. చెయ్యలేకపోయావా, నువ్వూ ఈగవై మీ అన్నల దగ్గరికే పోతావు. ఒకడు కత్తి దూశాడు, ఒకడు నీతులు చెప్పాడు. ఇద్దరూ ఈ కుండల్లోనే ఉన్నారు."

 కువలయుడు పని మొదలుపెట్టాడు.

ఆ ఇంట్లో పున్నాగవల్లి అనే అమ్మాయి ఉండేది. ఏదో దేశపు రాజు కూతురు. మాంత్రికుడు ఎత్తుకొచ్చి వంటకు పెట్టుకున్నాడు. ఆమె పిడక మీద నిప్పు తెచ్చి ఇస్తే, కువలయుడు దాని మీద పచ్చిగడ్డి వేసి పొగ పెట్టి మొదటి కుండ తెరిచాడు. లోపల చుక్క తేనె లేదు. ఈగలు ఒకదాన్నొకటి పట్టుకుని నీరసంగా వేలాడుతున్నాయి. మాంత్రికుడి కొట్టులోని తేనెను నీళ్ళలో కలిపి, ఈగలు మునిగిపోకుండా పైన గడ్డిపోచలు పరిచి, లోపల పెట్టాడు. పక్క కుండల ఈగలు దోచుకోకుండా కంతను మట్టితో చిన్నది చేశాడు. కొన్నాళ్ళకు ఆ కుండ ఈగలు కాళ్ళకు పసుపు పుప్పొడి పూసుకుని రావడం మొదలుపెట్టాయి.

రెండో కుండ తల్లి పోయిన ఇల్లులా మూలుగుతోంది. లోపల రాణి లేదు. మొదటి కుండలోంచి కొత్త గుడ్లున్న పట్టు ముక్క కోసి తెచ్చి దీనిలో అతికించాడు. ఈగలు దాని చుట్టూ మూగాయి. గుడ్లలోంచి ఒకదాన్ని రాణిగా పెంచుకున్నాయి. మూలుగు ఆగింది.

మూడో కుండ తెరవగానే కుళ్ళు కంపు గుప్పున కొట్టింది. అడుగంతా చచ్చిన ఈగలు. నెమలీకతో ఊడ్చి బయట పోశాడు. పట్టులో గదుల మూతలు లోపలికి దిగి, నల్లగా చెమర్చి ఉన్నాయి. గడ్డిపోచ ఒక గదిలోకి గుచ్చి పైకి లాగాడు. పిల్లపురుగు రాలేదు. జిగురు తీగలా సాగింది.

కువలయుడికి అది తెలుసు. చిన్నప్పుడు తల్లి ఇలాగే పోచ గుచ్చి చూపించి, "దీనికి మందు లేదు నాన్నా. దగ్గరున్న కుండలన్నీ తినేస్తుంది. ఈగలన్నీ ఇల్లు చేరాక కాల్చి, గొయ్యి తీసి పూడ్చాలి" అంది. ఆ సాయంత్రం ఆమె అన్నం తినలేదు.

సరిగ్గా అప్పుడే సముద్రపు చలిగాలి తెరిచిన కుండలోకి కొట్టింది. ఇంట్లోంచి పున్నాగవల్లి పరుగెత్తుకొచ్చింది.

"ఇప్పుడు ఏ కుండ తెరిచారు?"

"మూడోది. ఏం?"

"వాడు మంచం మీద గజగజ వణికిపోతున్నాడు. మొదటి రెండూ తెరిచినప్పుడు కదల్లేదు."

ఎలుగుబంటి చెప్పిన సంగతి కువలయుడు ఆమెకు చెప్పాడు. మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో ఇద్దరికీ తెలిసిపోయింది.

ఇంతలో ఒక ఈగ వచ్చి కువలయుడి మణికట్టు మీద వాలింది. కుట్టలేదు.

"తమ్ముడూ" అంది. అది గుణశేఖరుడి గొంతు.

 "పెద్దన్నయ్య ఏడీ?" అన్నాడు కువలయుడు.

"ఈగ బతుకు ఎంతకాలంరా? మొన్న అడుగున పడిపోయాడు. ఇందాక నువ్వు ఊడ్చిన వాటిలో ఉన్నాడు."

కువలయుడు నేల మీద కూర్చుండిపోయాడు. గాలికి ఆ కుప్ప అప్పటికే చెదిరిపోయింది. ఏది అన్నయ్యో తెలియలేదు.

ధూమకేశుడు కర్ర ఊతంతో నడుచుకుంటూ వచ్చాడు. "మూడోది బాగవదని మొహం వేలాడేశావా? మొదటి రెండు కుండల్లోని మంచి పట్లు, పిల్లలు అన్నీ తెచ్చి దీనిలో పెట్టు. ఇది నిలబడితే చాలు. మీ అన్నను మనిషిని చేసి నీ చేతిలో పెడతాను, ఒట్టు."

"రేపటిలోగా చేస్తాను" అన్నాడు కువలయుడు. వాడు వెళ్ళిపోయాడు.

"అన్నయ్యా, అలా చేస్తే నువ్వు మనిషివవుతావు" అన్నాడు కువలయుడు ఈగతో.

"చేస్తే ఈ కుళ్ళు ఆ రెండు కుండలకూ పాకుతుందా, పాకదా? నిజం చెప్పు."

"పాకుతుంది. ఒక్క ఈగ మిగలదు."

"ఇక అడుగుతావేం? ఊళ్ళో పిల్లలు ఎలా పోయారో నువ్వూ చూశావు, నేనూ చూశాను."

"పోనీ కుండ కాల్చే ముందు నువ్వొక్కడివీ బయటికి వచ్చెయ్యి. నిన్ను విడిగా దాచుకుంటాను."

"నేను రాలేను తమ్ముడూ. రాణి వేడి తగలగానే కంత వైపు ఉరుకుతుంది. అది బయటపడితే వాడు బతుకుతాడు. కంత పూర్తిగా మూస్తే గాలి ఆడక మంట లోపలికి పట్టదు, అందుకే అక్కడ అడ్డంగా ఎవరో ఒకరు కూర్చోవాలి. నేను ఇన్నేళ్ళూ మాట్లాడడమే చేశాను. ఇదొక్కటి చెయ్యనీ" అంది ఆ ఈగ.

పొద్దు వాలింది. ఈగలన్నీ కుండ చేరాయి. ఎలుగుబంటి గోళ్ళతో గొయ్యి తవ్వింది. ముగ్గురూ కుండను దొర్లించి గోతిలో దించారు. పున్నాగవల్లి ఎండుగడ్డి పేర్చింది. కువలయుడు కంతను మట్టితో మూశాడు, గాలికి ఈగ పట్టేంత సందు మాత్రం వదిలాడు. దానిలో లోపలి నుంచి గుణశేఖరుడు అడ్డంగా కూర్చున్నాడు.

"నేను పెట్టనా?" అని అడిగింది పున్నాగవల్లి నిప్పు పట్టుకుని.

"వద్దు. నేనే పెట్టాలి" అన్నాడు కువలయుడు.

మంట లేచింది. కుండ లోపల హోరు పెరిగింది. ఇంట్లోంచి ధూమకేశుడు అరుస్తూ వచ్చాడు. వాడి ఒళ్ళు పొగలు కక్కుతోంది. "ఆర్పు! ఆర్పరా! మీ అన్న ఉన్నాడు దాంట్లో!" అన్నాడు. కువలయుడు కదల్లేదు. కంత దగ్గర రాణి ఈగ తల రెండుసార్లు కనబడింది, రెండుసార్లూ వెనక్కి పోయింది. తరవాత కుండ పగిలింది. హోరు ఆగింది. ధూమకేశుడు నిలబడ్డచోట పిడికెడు మసి మిగిలింది.

మాంత్రికుడు చస్తే వాడి మాయలన్నీ విడిపోతాయని కువలయుడు విన్నాడు. బూడిద చల్లారేదాకా గొయ్యి పక్కనే కూర్చున్నాడు. గోతిలోంచి ఎవరూ లేవలేదు. తెల్లవారాక పున్నాగవల్లి మట్టి తోయడం మొదలుపెట్టింది. అప్పుడు అతనూ లేచి మట్టి తోశాడు.

మిగిలిన రెండు కుండలనూ ఎలుగుబంటి వీపుకు కట్టి ఏడు సముద్రాలూ దాటారు. సురభిదేశం పొలిమేరలో కంతలు తెరిచారు. ఆ ఏడు కాపు కొద్దిగానే వచ్చింది. మరుసటేడు గుమ్మడితీగలు పాకల కప్పుల మీద బరువుతో వంగాయి. కాని చాలా పాకల్లో తినడానికి మనుషులు లేరు.

వీరకేతు జరిగిందంతా విన్నాడు. కొడుకును కౌగిలించుకోలేదు, తిట్టలేదు. "రెండోవాడికి నొప్పి తెలిసిందా?" అని మాత్రం అడిగాడు.

"తెలియదు నాన్నగారూ. అరవలేదు" అన్నాడు కువలయుడు.

ఏడాది మైల తీరాక కువలయుడికీ పున్నాగవల్లికీ పెళ్ళి జరిగింది. పురోహితుడు మధుపర్కం గిన్నె అందించాడు. పెరుగులో కొత్త తేనె. కువలయుడు గిన్నె నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. మేళం వాళ్ళు వాయిస్తూ వాయిస్తూ ఆపేశారు. పురోహితుడు ఏం చెయ్యాలో తెలియక రాజు వైపు చూశాడు.

పున్నాగవల్లి గిన్నె తీసుకుని, శాస్త్రం సంగతి ఎవరినీ అడగకుండా, తను ముందు ఒక గుక్క తాగింది.

"బాగుంది. తాగండి" అని గిన్నె తిరిగి అతని చేతిలో పెట్టింది.

అతను తాగాడు. మేళం మళ్ళీ మొదలైంది. ఆ తరవాత వాళ్ళిద్దరూ ఆ రాజ్యాన్ని జుట్టు నెరిసేదాకా ఏలారు. వాళ్ళ కాలంలో ఆకలితో పోయిన బిడ్డ లేదని పాతవాళ్ళు చెప్పగా నేను విన్నాను, మీకు చెప్పాను.