కొండముచ్చు కూలి పది తట్టలు

"మీలో ఒకరు ఆటలో బాగా ఆడారనుకోండి. చూసినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. అప్పుడు పక్కనే నిలబడ్డ రెండోవాళ్ళకి సంతోషం కలుగుతుందా, కడుపు మండుతుందా? ఆలోచించి చెప్పండి, తొందర లేదు."

"సంతోషమే అమ్మమ్మా," అన్నాడు ఋత్విక్.

"అబద్ధం," అంది మేదిని. "నాకు పరుగు పందెంలో కప్పు వచ్చిన రోజు వీడు అన్నం తినలేదు."

"ఆ రోజు కూర బాగాలేదు!"

సరే, సరే. ఇద్దరికీ చెరి సగం మార్కులు. ఇక కథ వినండి.

కుంకుళ్ళవాగు అని ఒక అడవి వాగు. వానాకాలంలో పరవళ్ళు తొక్కుతుంది, ఎండాకాలం వచ్చేసరికి ఇసకే మిగులుతుంది. నడిమధ్య ఒక్క మడుగులో మాత్రం నీళ్ళుంటాయి. ఆ నీళ్ళు ముందు తాగాల్సింది ఇవతలి గట్టు జంతువులా, అవతలి గట్టు జంతువులా? దీని కోసం కొట్టుకుంటే కొమ్ములు విరుగుతాయి, కోరలు ఊడతాయి. అందుకని పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. నెలకొకసారి ఇసకలో వెలగకాయ ఆట. గెలిచిన గట్టు వాళ్ళు నెల్లాళ్ళూ పొద్దున్నే తేటనీళ్ళు తాగుతారు. ఓడినవాళ్ళు మధ్యాహ్నం దిగాలి. అప్పటికి మిగిలేది అందరూ తొక్కేసిన బురద.

ఆట ఎలాగంటే, ఒకరు వెలగకాయను దూరంగా విసురుతారు. వాళ్ళ జట్టువాడే పరిగెత్తి, కాయ నేల తాకకుండా పట్టుకోవాలి. పడితే ఒక పాయింటు. పట్టనివ్వకుండా అవతలి జట్టు అడ్డుపడుతుంది. అంతే.

ఇవతలి గట్టు జట్టులో కాయ విసిరేది ఎలుగుబంటి. పరిగెత్తి పట్టేవాళ్ళు ఇద్దరు, కొండముచ్చు, నక్క. ముందు నిలబడి అవతలివాళ్ళను నెట్టేది అడవిదున్న. అదే జట్టుకి పెద్ద. నెమ్మదిగా మాట్లాడుతుంది, అసలు మాట్లాడితే. ఆటగాళ్ళకి కూలిగా ఎండు రేగుపళ్ళు ఇచ్చేవారు. ఆ పళ్ళ గుహకి కాపలా దుప్పి. దుప్పికి నెల కిందటే పిల్ల పుట్టింది. పోయిన ఏడు పుట్టిన పిల్ల బురదనీళ్ళు తాగి, జబ్బు చేసి చచ్చిపోయింది. కాబట్టి ఆ తల్లికి ఈ ఆట వట్టి ఆట కాదు. తెలిసిందా?

ఏటా ఆటగాళ్ళు తలా రెండు తట్టల పళ్ళు తీసుకునేవాళ్ళు. ఆ ఏడు కూలి మాట్లాడుకునే సభలో కొండముచ్చు లేచి గొంతు సవరించుకుంది.

"దున్న తాతా, ఈసారి నాకు పది తట్టలు కావాలి."

"పదా!" అంది ఎలుగు. "పది తట్టలేం చేసుకుంటావురా? పరుపు కుట్టించుకుంటావా?"

"ఎలుగు మామా, నీ చేతిబలం ముసలితనం దాకా ఉంటుంది. నా మోకాళ్ళు ఇంకో రెండేళ్ళుంటే గొప్ప. తర్వాత కొమ్మ మీద కూర్చుని ఏం తినాలి? అవతలి గట్టు అడవిపంది పన్నెండిస్తానని కబురు పెట్టింది. నేను పుట్టిన చెట్టు ఇక్కడుంది కనక పది అడుగుతున్నాను."

అందరూ నక్క వైపు చూశారు. నక్క నవ్వుతోంది. పెదవులు మాత్రమే నవ్వుతున్నాయి.

ఎందుకంటే, నక్కకి ఈ మంట కొత్తది కాదు. ఆట అయ్యాక చిలకలు కొండముచ్చు పేరే అరిచేవి. కుందేళ్ళు దాని తోక తాకి చూసి మురిసిపోయేవి. ఒకరోజు ఇంటికెళితే నక్క భార్య కూడా, "ఆ చివరి కాయ ఎంత బాగా పట్టాడో కదండీ!" అంది. నక్కకి అక్కడే మాడిపోయింది. "నేను పట్టినవి కనపడలేదా?" అంటే, "మీరూ పట్టారా?" అంది ఆ ఇల్లాలు, పాపం నిజంగానే తెలియక.

అందుకని నక్క ఇప్పుడు తోక సర్దుకుని ముందుకొచ్చింది.

"తాతా, తమ్ముడు అడిగినదాంట్లో తప్పు లేదు. గొప్పగా ఆడేవాడు గొప్పగా తీసుకోవాలి. కాకపోతే న్యాయంగా ఉండాలిగా? పట్టిన కాయకి ఒక తట్ట. పది పట్టాడా, పది. పాతిక పట్టాడా, పాతిక. నాకూ అదే లెక్క. ఇందులో ఎవరికైనా అభ్యంతరముందా?"

వినడానికి ఎంత బాగుంది! అందరూ తలలూపారు. దున్న మాత్రం, "కాయ వాడి దాకా వస్తేనే కదా పట్టేది," అని గొణిగింది. దున్న గొణుగుడు ఎవరు వింటారు?

సభ అయిపోగానే నక్క ఎలుగు చెవి దగ్గరికి చేరింది.

"మామా, గురి ఎవరిది?"

"నాది."

"పేరు ఎవరికొస్తోంది?"

ఎలుగు మూతి ముడుచుకుంది. "వాడికి."

"మరి ఇప్పుడు వాడి కూలి ఎవరి చేతిలో ఉంది? నువ్వు విసిరితేనే వాడికి తట్ట. నువ్వు నా వైపు విసిరితే... నేను నిన్ను మరచిపోయేవాడిని కాదు మామా. ఉన్నదాంట్లో సగం."

ఎలుగు చాలాసేపు ఒళ్ళు గోక్కుంది. తర్వాత అది కూడా నవ్వింది.

ఫాల్గుణంలో ఆట జరిగింది. కొండముచ్చు ఆ చివర నుంచి ఈ చివరకి పరిగెత్తింది, చేతులు చాపింది, "మామా, ఇటు! ఇటు!" అని అరిచింది. ఎలుగు చెవిటిదైపోయింది. కాయలన్నీ నక్క వైపే వెళ్ళాయి. నక్క తీరిగ్గా నిలబడి ఆరు పట్టింది. అవతలివాళ్ళు నాలుగే పట్టారు. ఇవతలి గట్టు గెలిచింది.

పళ్ళు కొలిచే వేళ దుప్పి నక్క ముందు ఆరు తట్టలు పెట్టింది. కొండముచ్చు ముందు ఖాళీ నేల.

"అయ్యో తమ్ముడూ," అంది నక్క, "చేతులు మైలపడకుండా ఆడావు. కడుక్కునే శ్రమ కూడా లేదు."

దున్న అడిగింది. "నక్కా, నువ్వు కాయ పట్టేటప్పుడు నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు తాతా! నా వేగం అందుకోవాలిగా వాళ్ళు!"

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నక్క చెప్పింది నిజమేనా? అవతలి జట్టులో పరిగెత్తి అడ్డుపడగలిగినవి రెండే రెండు, అన్నదమ్ములు తోడేళ్ళు. ఆటంతా ఆ రెండూ ఎక్కడున్నాయి? కొండముచ్చు వెనక! దానికి కాయ అందితే ఇక ఆపలేమని, అటొకటి ఇటొకటి అతుక్కుని పరిగెత్తాయి. కాబట్టి నక్క చుట్టూ ఇసక తప్ప ఎవరున్నారు? ఎవరూ లేరు. నక్క మాట నిజమే. కారణం మాత్రం తప్పు.

ఈ సంగతి నక్కకి తెలియదు. కొండముచ్చుకి తెలుసు. దాని వెనకే కదా తోడేళ్ళు రొప్పింది! కానీ చెబితే కూలి కోసం అల్లిందంటారు. అందుకని కోప్పడకుండా, తల గోక్కుంటూ ఇలా అంది.

"బావా, నీ లెక్క నాకు నచ్చింది. వచ్చే ఆటకి నేను చెట్టెక్కి కూర్చుంటాను. నా వంతు కాయలు కూడా నువ్వే పట్టుకో. ఒక్క మాట మాత్రం చేర్చుదాం. పట్టినదానికి ఒక తట్ట వస్తుంటే, వదిలేసినదానికి ఒక తట్ట వెనక్కి పెట్టాలి. అది కూడా న్యాయమేగా?"

నక్క తన ఆరు తట్టల వైపు చూసుకుంది. వచ్చే నెలకి అవి పన్నెండవుతాయి, పద్దెనిమిదవుతాయి. పైగా ఆ కొండముచ్చు ఆటలో ఉండదు, చిలకల నోట దాని పేరుండదు.

"ఓస్, అంతేనా! అందరూ వినండి, నాకు సమ్మతం!"

దుప్పి కంగారుగా, "తమ్ముడూ, నువ్వు లేకుండా ఆటేమిటి? నా పిల్ల..." అంది.

"వదినా, నేను గట్టు దాటి ఎక్కడికీ పోవడంలేదు. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉంటాను," అంది కొండముచ్చు.

చైత్రం వచ్చింది. మడుగు సగానికి తగ్గింది. మధ్యాహ్నం దిగేవాళ్ళకి ఇక బురద కూడా చిక్కగా దొరికే కాలం. ఆట మొదలైంది. నెమలి కూత కూసింది. ఈ గట్టుదీ ఆ గట్టుదీ కాని ఆ నెమలిదే తీర్పు.

తోడేళ్ళు అలవాటు కొద్దీ కొండముచ్చు కోసం వెతికాయి. చెట్టు మీద కాళ్ళాడిస్తూ కనిపించింది. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. తర్వాత నక్క వైపు తిరిగాయి.

ఎలుగు మొదటి కాయ విసిరింది. నక్క ఎగరబోయింది. ఎడం పక్క ఒక భుజం, కుడి పక్క ఒక భుజం. కాయ ఇసకలో పడి దొర్లింది.

"గాలి!" అంది నక్క.

రెండోది మూతికి తగిలి పడింది. "ఎండ కళ్ళల్లో కొట్టింది!" మూడోదానికి చేతులు చాపే వీలే లేకపోయింది. "మామా, సరిగ్గా విసురు!" అని అరిచింది.

"నా గురికేం రోగం? నీ నెత్తి మీదే వేస్తున్నాగా!" అంది ఎలుగు.

నాలుగు, అయిదు, ఆరు. ఆరూ నేలపాలు. అవతలివాళ్ళు మూడు పట్టేశారు. నెమలి సగం ఆట అయిందని కూసింది. నక్క నాలుక వేలాడేసి కూలబడింది. దుప్పి మెల్లగా అంది, "ఆరు జారాయి. నీ ఆరు తట్టలూ గుహలోకి వెళ్ళిపోయాయి అన్నయ్యా." అని, మళ్ళీ తనే, "తట్టలు పోతే పోయాయి. రేపటినుంచి నా పిల్లకి ఏం తాగించను?" అంది.

దున్న ఒక్కటే కదిలింది. "ఇప్పుడు చెప్పు నక్కా. నీ పక్కన ఎవరున్నారు?"

నక్కకి రెండు పక్కటెముకలూ నొప్పిగా ఉన్నాయి. ఎవరున్నారో దాని ఒంటికి తెలుసు. "తోడేళ్ళు," అంది.

"పోయిన నెల అవెక్కడున్నాయి?"

నక్క తలెత్తి చెట్టు వైపు చూసింది. చూసి, తల దించుకుంది.

దుప్పి చెట్టు కిందకి పరిగెత్తింది. "తమ్ముడూ, దిగిరా!"

"దిగడానికి సిద్ధంగానే ఉన్నాను వదినా. నా కూలి ఎంతో బావ నోటితో చెప్పిస్తే చాలు. పట్టినవీ వదిలినవీ లెక్క లేకుండా, ఏడాదికి ఇంత అని."

అందరూ నక్క వైపు తిరిగారు. నక్క బేరం మొదలుపెట్టింది.

"నాలుగు."

కొండముచ్చు ఇంకో కొమ్మ పైకెక్కింది.

"ఆరు! తమ్ముడూ, ఆరు!"

ఇంకో కొమ్మ.

"ఒరే, చెప్పి చావరా!" అని ఎలుగు నక్క వీపు మీద ఒక్కటిచ్చింది. "తప్పు నాది కూడా. ముందు చెప్పు."

నెమలి మెడ నిక్కించింది, ఇక కూసేలా ఉంది.

"పది!" అని అరిచింది నక్క. "పదీ వాడివే! పట్టినా పట్టకపోయినా పది! కాయ లెక్క రద్దు!"

"అందరూ విన్నారుగా?" అంది కొండముచ్చు. ఒక్క దూకుతో ఇసకలో ఉంది.

రెండో సగం మొదలైంది. కొండముచ్చు ఎటు పరిగెడితే తోడేళ్ళు అటు. ఎలుగు ఈసారి రెండు వైపులా చూసి, ఖాళీగా ఉన్న చోటికి విసిరింది. ఖాళీగా ఉన్నది ఎవరు? నక్కే. ఒకటి పట్టింది. రెండు. మూడు. అవతలివాళ్ళకి మళ్ళీ ఒక్కటీ దక్కలేదు, దున్న నెడుతూనే ఉంది. చివరి కాయకి కొండముచ్చు "మామా, ఇటు!" అని అరిచి వాగు ఆ చివరకి దూసుకుపోయింది. తోడేళ్ళు దుమ్ము లేపుకుంటూ వెంటపడ్డాయి. ఎలుగు ఇటు విసిరింది. నక్క నాలుగోది పట్టింది. నాలుగు, మూడు. గెలిచారు.

పళ్ళు కొలిచేటప్పుడు నక్క ముందుకొచ్చి నిలబడింది. "నాలుగు పట్టాను. నాలుగు తట్టలు."

దున్న నెమ్మదిగా నమిలింది. "కాయ లెక్క రద్దు చేసిందెవరు?"

"నేనే. అయితే మరి వాడు? ఈ రెండు ఆటల్లోనూ ఒక్క కాయ పట్టలేదు!"

"ఇద్దరు తోడేళ్ళని పట్టాడు," అంది దున్న. "నీకు మామూలుగా రెండు. మొదటి ఆటకి ముందు నువ్వు మాటిచ్చావటగా, ఎలుగుకి సగం అని. అది మీరూ మీరూ చూసుకోండి."

ఎలుగు అప్పటికే ఒక తట్ట చంకన పెట్టుకుంది.

మర్నాడు పొద్దున మడుగు అద్దంలా ఉంది. దుప్పిపిల్ల మొదటిసారి మూతి ముంచింది. నీళ్ళలో ఇంకో పిల్ల కనపడేసరికి బెదిరి వెనక్కి గెంతింది. తల్లి దాన్ని ముందుకు తోసింది. మళ్ళీ ముంచి, ఈసారి కడుపునిండా తాగింది.

ఇందులో నేర్చుకోవాల్సింది ఒక్క ముక్క: సాటివాడి చేతిలో ఏముందో చూసి ఏడ్చేముందు, వాడు మన పక్కనుంచి ఏ బరువు తప్పించాడో చూడాలి.

"అమ్మమ్మా, మరి నక్క వాళ్ళావిడ ఏమంది?" అంది మేదిని.

"అది నువ్వు ఊహించి రాయి, రేపు దిద్దుతాను. లేవనీ నన్ను. చింతపండు గింజలు తీయడం సగంలో ఆపేసి వచ్చాను. మిగతా సగం ఎండ పోయేలోపు అవ్వాలి."