గ్రహణంనాడు తెరిచి ఉండే జల్లెడమ్మ గుడి

సూర్యగ్రహణంనాడు చుట్టుపక్కల గుళ్లన్నీ మూసేస్తే, జల్లెడగుట్ట మీది ఈ గుడి దగ్గర మాత్రం తిరునాళ్లలా జనం కూడతారు. బడి పంతులమ్మలు టెలిస్కోపుకు నల్ల అద్దం బిగించి, సూర్యుడికి చంద్రుడు అడ్డం రావడమే గ్రహణమని పిల్లలకు చూపిస్తారు. రాహువు మింగుతున్నాడని ఎవరైనా గొణిగితే ఆ పిల్లలే నిలదీస్తారు. లోపల విగ్రహం లేదు. రాతిలో చెక్కిన జల్లెడ ఉంది.

పూర్వం ఈ గుట్ట కింది ఊళ్లో ఓబుళమ్మ అనే కోడలు ఉండేది. తొలిచూలు కడుపుతో ఉండగా గ్రహణం పట్టింది. అత్త తిమ్మక్క చెప్పినట్టే ఆమె చీకటి గదిలో వెల్లకిలా పడుకుంది. దురద పుట్టినా గోక్కోలేదు, దాహమేసినా నోరు తడుపుకోలేదు. అయినా ఆడపిల్ల పై పెదవి చీలి పుట్టింది. దానికి గ్రహణం మొర్రి అని పేరు పెట్టి లోకం చేతులు దులుపుకుంది.

“నువ్వు కదిలే ఉంటావు. ఊరికే వస్తాదా మొర్రి?” అంది తిమ్మక్క.

“కదల్లేదత్తా, నీ మీదొట్టు,” అని ఓబుళమ్మ ఏడ్చింది. వింటే కదా! పాలు చప్పరించలేక పిల్ల అల్లాడుతుంటే, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోసి బతికించుకుంది ఆ తల్లి. ఊరు మాత్రం ఆ పిల్లను చూపించి కడుపుతో ఉన్నవాళ్లను బెదిరించేది.

మళ్లీ నెల తప్పింది. మళ్లీ గ్రహణం వచ్చింది. వాకిట్లో పిండి జల్లిస్తున్న ఓబుళమ్మను తిమ్మక్క లోపలికి తరిమింది. “ఈసారన్నా ఒళ్లు దగ్గర పెట్టుకో. ఇట్లాంటిదే ఇంకోటి కన్నావంటే పుట్టింటికే పో.” పక్కనే నిలబడి పిల్ల ఆ మాట వింది. ఓబుళమ్మకు ఒళ్లు మండిపోయింది. చేతిలోని జల్లెడతోనే, పిల్లను చంకనేసుకుని గుట్టెక్కి ఎండలో కూర్చుంది.

పిల్ల కళ్లకు ఎండ కొట్టకుండా జల్లెడ అడ్డం పెట్టింది. ప్రతి చిల్లిలోంచీ బండ మీద కొడవలిలా వంగిన ఒక బుల్లి సూర్యుడు పడ్డాడు. పిల్ల వాటిని ఏరుకోబోయి పకపక నవ్వింది. తిట్టుకుంటూ వెంటపడి వచ్చిన తిమ్మక్క ఆ వెలుగులు చూసి బిత్తరపోయింది.

“నా చేతులు లాగుతాండాయి. పట్టుకో అత్తా, నీ మనవరాలు ఆడుకుంటాంది,” అని ఓబుళమ్మ జల్లెడ చాచింది. తిమ్మక్క అందుకుని పట్టుకుంది.

కాన్పు సుఖంగా అయింది. బిడ్డ నిక్షేపంగా పుట్టాడు. అంతా అమ్మవారి దయంటూ ఊరు పసుపు కుంకుమలతో వచ్చి పడింది. ఓబుళమ్మ గడపలోనే నిలేసింది.

“చీకట్లో పడుకుని కంటే తప్పు నాది. ఎండలో కూర్చుని కంటే దయ అమ్మవారిది. మీకు సిగ్గుందా?”

సిగ్గున్న కొందరు కలిసి ఈ గుడి కట్టించారు.

నేటికీ గ్రహణంనాడు కడుపుతో ఉన్న కోడళ్లు ఆ బండ మీద కూర్చుంటారు. గ్రహణం విడిచేదాకా అత్తలే జల్లెడ పట్టుకుని నిలబడాలి. తొలి ప్రసాదం మొర్రితో పుట్టిన పిల్లలది. ఆస్పత్రికి తీసుకెళ్లి వాళ్ల పెదవి కుట్టించే బాధ్యత గుడిది. ఇక్కడ మొక్కులు తీసుకోరు. ఈ కథ వింటే ఏ రోగమూ పోదు, ఏ కోరికా తీరదు. మొర్రి పిల్లను కన్న తల్లి వింటే మాత్రం, తప్పు తనది కాదని తెలుసుకుని ఇంటికి పోతుంది.