బారెడయ్య మెచ్చిన ఉయ్యాల

గిజిగాళ్ల ఊరు నేల మీద ఉండదు, కొమ్మకు వేలాడుతుంది. పాడుబడిన మోటబావి మీదికి ఒరిగిన ఒక తుమ్మచెట్టు, దాని కొసకొమ్మలకు వరసగా గూళ్లు, కింద నల్లటి నీళ్లు. ముళ్లకు జడిసి పిల్లి రాదు. ముళ్ల మీదుగా కొసదాకా పాకలేక పాము రాదు. అంతకంటే భద్రమైన చోటు చుట్టుపక్కల ఎక్కడా లేదని గిజిగాళ్లు మురిసిపోయేవి. ఆ భద్రతలోనే ఒక కుర్రవాడు కూర్చున్నచోటే కుళ్లిపోతున్నాడని మాత్రం ఎవరికీ పట్టలేదు.

వాడి పేరు మల్లుగాడు. రెక్కలు నిండుగా వచ్చాయి, ముక్కు గట్టిపడింది, గొంతు మారింది. నెత్తి మాత్రం ఇంకా మట్టిరంగులోనే ఉంది. గిజిగాళ్లలో మగపిట్టకు నెత్తి పసుపెక్కితేనే పెద్దవాడైనట్టు. అందాకా గడ్డిపోచ ముట్టరాదు. ఎప్పుడో ఎవడో కుర్రపిట్ట తొందరపడి గూడు అల్లితే అది తెగి, గుడ్లతో సహా బావిలో పడిందట. ఆనాడు పెట్టిన కట్టుబాటు ఇది. ఒక్క గూడు తెగినందుకు తరతరాల కుర్రాళ్ల ముక్కులు కట్టేశారు, అదేం న్యాయమని అడిగినవాడు లేడు.

అంచేత మల్లుగాడికి పొద్దున లేవడం, తినడం, కొమ్మ మీద కూర్చోవడం తప్ప పనిలేదు. తండ్రి పక్క కొమ్మన ఇంకో ఆడపిట్ట కోసం ఇంకో గూడు అల్లుకుంటున్నాడు, గిజిగాళ్లలో అది మామూలే. తల్లి గౌరాలుకు గూట్లో కళ్లు తెరవని పసికూనలు. ఆమెకు ఊపిరి సలపదు, వీడికి పొద్దు గడవదు.

"అమ్మా, ఏమీ తోచట్లేదే."

"తిన్నావా?"

"తిన్నాను."

"ఇంకేం మరి? కాసేపు పడుకో."

"ఇప్పుడే కదే లేచింది!"

"అయితే కోటప్ప తాత అల్లుతుంటే చూసి నేర్చుకో. నన్ను చంపుకు తినకు."

"ఎన్నాళ్లని చూడనే? చూస్తే ముడి పడుతుందా?"

"తోచీ తోచనమ్మ తోడికోడలి పుట్టింటికి వెళ్లిందట. అలా ఉంది నీ వరస. తోచకపోవడం కూడా ఒక రోగమేనా?" అని గౌరాలు మేతకు ఎగిరిపోయింది.

రోగమే. దానికి జ్వరం రాదు కనుక ఎవరూ నమ్మరు, అంతే తేడా.

ఒకనాడు మల్లుగాడికి ముక్కు దురద ఆగలేదు. కోటప్ప తాత గూటి అంచున ఒక పోచ వేలాడుతుంటే పట్టుకుని, విప్పి, మళ్లీ ముడివేసి చూశాడు. ముడి పడింది! ఒళ్లు ఝల్లుమంది. రెండోది విప్పబోయేలోగా నెత్తిన టక్కున దెబ్బ పడింది.

"దొంగవెధవా! నెత్తి పసుపెక్కకుండానే నా గూటి మీద చెయ్యా?" అన్నాడు కోటప్ప. ఆ ఊరికి పెద్ద ఆయనే.

"పాడుచేయలేదు తాతా, ముడేశాను. చూడు, నిలిచింది."

"నిలిస్తే మాత్రం? కట్టుబాటు కట్టుబాటే."

"మొక్కై వంగనిది మానై వంగునా అని నువ్వే అంటావుగా! మరి మొక్కగా ఉన్నప్పుడు ముట్టుకోనివ్వవేం?"

పెద్దవాడికి జవాబు దొరకనప్పుడు ముక్కు లేస్తుంది. ఇంకో రెండు పోట్లు పొడిచాడు. "వీణ్ణి పచ్చగడ్డి దగ్గరికి పోనిచ్చేది లేదు. గౌరాలూ, నీ కొడుకుని అదుపులో పెట్టుకో!" అని ఊరందరి ముందూ అరిచాడు. గౌరాలు సిగ్గుతో తల వంచుకుంది కానీ, ఆ ముడి నిలిచిందో లేదో ఆమె కూడా చూడలేదు.

అది మొదలు మల్లుగాడు అడగడం మానేశాడు. అందరికీ దూరంగా, ఒకప్పుడు మోటగిలక బిగించిన రాతిస్తంభం మీద కూర్చుని తన ఈకలు తనే పీక్కోవడం మొదలుపెట్టాడు. రొమ్ము మీద ఒకచోట బోడి అయింది. తల్లి చూసి, పేను పట్టిందేమో ఇసుకలో పొర్లరా అంది. కోటప్ప చూసి, చూశారా, ఇప్పుడెంత బుద్ధిగా ఉన్నాడో అన్నాడు.

ఆ స్తంభం కింద ఒక పుట్ట ఉంది. పుట్టలో జెర్రిపోతు ఉంది. పేరు బారెడయ్య. నిజానికి రెండు బారలుంటాడు, పెద్దమనిషి కదా, తగ్గించి చెప్పుకునేవాడు. ఊరక రారు మహానుభావులు అన్నట్టు, ఒక మధ్యాహ్నం పుట్టలోంచి తల బయటపెట్టాడు.

"ఏం అల్లుడూ, ఈకలన్నీ పీకేసుకుంటే వానకి తడవవూ?"

మల్లుగాడు ఎగిరి పై అంచుకు చేరాడు. "నీతో మాట్లాడకూడదని చెప్పారు."

"ఎవరు, నిన్ను కొట్టినవాళ్లేనా?" బారెడయ్య ఆవలించాడు. "నేను ఎలుకల్ని తినేవాణ్ణి అల్లుడూ. పొలంలో రైతే నన్ను కొట్టడు, నేస్తమంటాడు. నీకేం భయం? నువ్వు వేసిన ముడి మొన్న కిందనుంచి చూశాను. కోటప్ప ముడి కంటే బిగువుగా ఉంది."

ఆ ఒక్క మాట చాలింది. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టేది ఏ చెయ్యో చూసుకునే తీరికుంటుందా?

"నిజంగానా?" అన్నాడు మల్లుగాడు.

"అబద్ధమాడితే నాకొచ్చేదేముంది? ఈ పుట్ట చుట్టూ ఉన్న రెల్లంతా నాదే. మీవాళ్లెవరూ ఇటు రారు. కోసుకో. ఏం కావాలంటే అది అల్లు."

"ఏం అల్లను మామా? గూడు అల్లితే చంపేస్తారు."

"గూడెందుకు? ఉయ్యాల అల్లు. ఈ స్తంభం నుంచి ఆ గూళ్ల కొమ్మదాకా. పసివాళ్లు రెక్కలొచ్చి బయటికి రాగానే ఊగుతారు. నీ తమ్ముళ్లు, చెల్లెళ్లే కదా!"

మర్నాటినుంచి మల్లుగాడికి పొద్దు చాలలేదు. రెల్లాకు అంచు కొరికి సన్నటి నార తీయడం, నారకు నార కలిపి పేనడం, ముడి వేయడం, పనికిరాదనిపిస్తే విప్పేయడం. రొమ్ము మీద ఈకలు మళ్లీ మొలిచాయి. రాత్రి పడుకుంటే నిద్ర పట్టేది, పొద్దున లేస్తే లేవడానికో కారణం ఉండేది. బతుకంటే ఇలా ఉంటుందా అని వాడికి మొదటిసారి తెలిసింది.

బారెడయ్య రోజూ వచ్చి చూసేవాడు. ఊరికే పొగిడే రకం కాదు.

"ఈ ముడి జారుతోంది. విప్పి మళ్లీ వెయ్యి."

"ఇదా? బాగానే ఉందిగా మామా!"

"నీకు బాగున్నట్టుంటుంది. బరువు పడితే తెలుస్తుంది. ఇక్కడ మూడు నారలు కాదు, ఐదు కలుపు."

మల్లుగాడు విప్పి మళ్లీ వేసేవాడు. ఇన్నాళ్లలో వాడి పనిలో తప్పు పట్టేంత శ్రద్ధగా చూసినవాడు ఇంకొకడు లేడు. ఒకసారి మాత్రం అడిగాడు, "పసివాళ్లు దూదిపింజల్లా ఉంటారు మామా. ఇంత లావు ఎందుకు?"

"పిల్లలు ఎదగరా? పని చేస్తే పదికాలాలు నిలిచేలా చెయ్యాలి."

మల్లుగాడి గుండెలో ఏదో కలుక్కుమంది. కానీ ముక్కులో నార ఉంది, వేయాల్సిన ముడి ఎదురుగా ఉంది. ఆ కలుకు మాట తరవాత చూద్దామనుకున్నాడు.

బావిలో బెక్కమ్మ అనే ముసలి కప్ప ఉండేది. పైన ఏం జరిగినా నీళ్లలో నీడ ఆమెకే ముందు కనిపిస్తుంది.

"ఒరే మల్లూ, ఏంట్రా అది?"

"ఉయ్యాల, అత్తా."

"ఉయ్యాలైతే కిందికి జారి ఊగాలి కదరా. ఇదేంటి, ఈ ఒడ్డునుంచి ఆ కొమ్మకి బిగదీసినట్టుంది? కిందనుంచి చూస్తే అచ్చం వంతెనలా ఉంది."

"నీకు తెలీదులే అత్తా. మామ చెప్పాడు."

"ఏ మామ?"

మల్లుగాడు ఇంకో నార అందుకున్నాడు. బెక్కమ్మ ఊరుకోక, నీళ్లు తాగడానికి వచ్చిన కోటప్పను పట్టుకుంది. "నాయనా, మీ కుర్రాడు ఏదో అల్లుతున్నాడు. ఒక్కసారి దగ్గరికెళ్లి చూడు."

"మన పచ్చగడ్డి ముట్టాడా?"

"లేదు, రెల్లు."

"అయితే మనదేం పోయింది? రెల్లుతో ఏ పిచ్చి పనైనా చేసుకోనీ. నా ప్రాణానికి హాయిగా ఉంది."

"అది కాదయ్యా, ఎవరి కోసం అల్లుతున్నాడో..."

"నూతిలో కప్పవి, నీకెందుకమ్మా ఊళ్లో పెత్తనం?" అని కోటప్ప మూతి తుడుచుకుని ఎగిరిపోయాడు.

గౌరాలు కూడా అంతే. కొడుకు విసిగించడం మానేశాడు, అది చాలు ఆమెకి. పిల్లవాడు అల్లరి చేస్తే ఏమైందిరా అని అడిగేవాళ్లు ఉంటారు కానీ, గమ్మున ఉంటే ఎందుకున్నావని అడిగేవాళ్లు ఉండరు.

వరిచేలు పాలుపోసుకున్న రోజులు వచ్చాయి. పెద్దలంతా మధ్యాహ్నం పూట చేల మీదే. గూళ్లలో పసికూనలు నోళ్లు తెరుచుకుని తల్లుల కోసం ఎదురుచూస్తుంటాయి. అటువంటి ఒక మధ్యాహ్నం మల్లుగాడు ఆఖరి ముడి బిగించి, రెక్కలు విదిలించి, తన పనిని ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసుకున్నాడు. గాలి వీస్తే సన్నగా మూలిగింది తప్ప, ఒక్క నార జారలేదు.

"అయిపోయింది మామా!"

బారెడయ్య తల స్తంభం మీద ఆనించి చాలాసేపు చూశాడు. "అల్లుడూ, తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎంత గొప్ప పని చేశావో నీకు తెలీదు."

మల్లుగాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరి మీ అమ్మకి చూపించవూ?" అన్నాడు బారెడయ్య. "కోటప్పనీ పిలువు. నిన్ను కొట్టిన ముక్కుతోనే మెచ్చుకోవాలి. వెళ్లు, చేలోంచి అందరినీ తీసుకురా. నేను ఇక్కడే ఉంటాను."

మల్లుగాడు ఎగిరాడు. జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ ఎగరలేదు.

చేలో కోటప్ప కసిరాడు. "మేత వేళ ఏంట్రా ఈ గోల?"

"ఒక్కసారి తాతా! నచ్చకపోతే నన్ను కొట్టు. అమ్మా, నువ్వు రావే. నేను చేశానే, నా ముక్కుతో నేనే చేశాను!"

వాడి మొహంలో ఆ వెలుగు చూసి గౌరాలు నోట్లో గింజ వదిలేసింది. ఎన్నాళ్లైంది కొడుకు అలా నవ్వి! "రా మావా, ఒక్కసారి చూసొద్దాం. పిల్లవాడు ముచ్చటపడుతున్నాడు," అని కోటప్పను బతిమాలింది. ఆమె కదిలితే తక్కినవాళ్లూ కదిలారు. ఊరు ఊరంతా మొదటిసారి మల్లుగాడి వెనక ఎగిరింది.

బావి దగ్గరికి వస్తుండగానే బెక్కమ్మ అరుపు వినిపించింది. గొంతు పోయేలా అరుస్తోంది.

ఉయ్యాల ఊగడం లేదు. బరువుతో కిందికి కుంగి, నిబ్బరంగా నిలబడి ఉంది. దాని మీద బారెడయ్య తిరుగుదారి పట్టి వస్తున్నాడు. పొడుగునా అక్కడక్కడ ఉబ్బి ఉన్నాడు. వెనక గూళ్లన్నీ నిశ్శబ్దంగా వేలాడుతున్నాయి. ఒక్క నోరు కూడా కిచకిచలాడటం లేదు.

గౌరాలు గూట్లో తల దూర్చింది. బయటికి తీసి, మళ్లీ దూర్చింది. తరవాత ఆమె నోట వచ్చిన అరుపు రాయాలంటే నాకు చేతకాదు.

పెద్దలంతా పాము మీద పడ్డారు. జెర్రిపోతుకి గిజిగాడి ముక్కు ఒక లెక్కా? తాపీగా స్తంభం మీదికి చేరి, పుట్టలోకి దిగేముందు తల తిప్పి కోటప్పతో అన్నాడు:

"మీవాడు మంచి పనివాడయ్యా. మీరే కనుక్కోలేదు."

తరవాత కోటప్ప ఆ తాడు మీద పడ్డాడు. ముక్కుతో పొడిచాడు, లాగాడు, కొరికాడు. మరో పదిమంది తోడొచ్చారు. ఒక్క నార తెగలేదు. అంత బిగువైన అల్లిక ఆ ఊళ్లో ఎవరి గూటికీ లేదు. అది అందరికీ అప్పుడే తెలిసింది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

"ఎవడు నేర్పాడురా నీకిది?" అన్నాడు కోటప్ప, రొప్పుతూ.

"మీరు నేర్పలేదుగా తాతా," అన్నాడు మల్లుగాడు. "ఆయన నేర్పాడు."

వాడి గొంతులో పొగరు లేదు, ఏడుపూ లేదు. వెళ్లి తాడు మీద వాలి, ఆఖరి ముడి నుంచి మొదటి ముడిదాకా తనే విప్పాడు. ఏ ముడి ఎక్కడ మెలితిరిగిందో వాడొక్కడికే తెలుసు. విప్పిన నారలు ఒక్కొక్కటే బావిలో పడుతుంటే ఊరంతా చూస్తూ కూర్చుంది. వాడి పనిని అందరూ అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు.

వానలు వెనకబట్టేలోపే వాడి నెత్తి పసుపెక్కింది. కోటప్ప స్వయంగా చేనికి పోయి, లేత పచ్చిపోచ తెచ్చి వాడి ముందు పెట్టాడు. "అల్లుకో నాయనా. ఇక నిన్ను ఎవరూ ఏమీ అనరు. నెత్తి పసుపెక్కనివాళ్లకు కూడా రేపటినుంచి నేనే నేర్పుతాను."

గౌరాలు కూడా దగ్గరికి వచ్చి, ముక్కుతో ఆ పోచను కొంచెం ముందుకు జరిపింది. "చేసి చూపించరా. ఈసారి నేను చూస్తాను."

మల్లుగాడు పోచ వైపు చూశాడు. ముక్కు తెరవలేదు. రాతిస్తంభం మీదికి పోయి కూర్చుని, రొమ్ము మీద ఈకలు ఒక్కొక్కటే పీక్కోసాగాడు. పోచ కొమ్మ మీదే ఎండిపోయింది.

ఎదిగే ముక్కుకు ఇంటివాళ్లు గడ్డిపోచ ఇవ్వకపోతే, పుట్టలోవాడు పిలిచి ఇస్తాడు.