గుప్పెడు సుగంధిపాల

ఖాదర్‌వలికి ఒకటే బెంగ. వాళ్ళక్క కాసింబీ సున్నపు బట్టీ దగ్గర ఆ వేడిలో పనిచేసి పనిచేసి పడకేసింది. ఒళ్ళంతా మంట, కళ్ళల్లో మంట, మెతుకు తింటే కక్కేస్తోంది. మూడు రోజులుగా తమ్ముడు కాచిన కషాయమే తాగుతోంది. మంట ఇసుమంత కూడా తగ్గలేదు.

తప్పెక్కడుందో వాడికి అంతుపట్టలేదు. హకీం హుసేన్‌పీరా దగ్గర ఆరేళ్ళు శిష్యరికం చేసినవాడు మరి! ఒంటివేడికి సుగంధిపాల వేరును మించిన మందు లేదని ఆయనే చెప్పాడు. అందుకే కొండకు పోయి ఒడినిండా వేళ్ళు తవ్వుకొచ్చాడు. రెండు మోపుల తుమ్మకట్టెలు తగలేసి, గంగాళంలో సలసలా మరగబెట్టాడు. కషాయమంటే నల్లగా, చిక్కగా దిగొద్దూ!

నాలుగో రోజు గురువు చూడవచ్చాడు. వీధి మొదట్లోనే ఆగి, కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు.

"చూశారా ఉస్తాద్!" ఎదురొచ్చిన ఖాదర్‌వలి ముఖం వెలిగిపోతోంది. "వాసన ఇంత దూరం కొడుతోంది. దారినపోయేవాళ్ళంతా ఆగి మరీ మెచ్చుకుంటున్నారు."

"భలేగా ఉందిరా," అంటూ ఆయన ఇంట్లోకి వచ్చి మంచం ఒక కోడు పట్టుకున్నాడు. "ఆ పక్క నువ్వు పట్టు. మీ అక్కను వీధిలో పడుకోబెడదాం."

వాడు బిత్తరపోయాడు. "ఎండలోనా? ఎందుకు ఉస్తాద్?"

"మందంతా వీధిలోకి పోతుంటే, తాగాల్సిన మనిషి ఇంట్లో ఉండి ఏం చేస్తుందిరా?"

అంత మంటలోనూ కాసింబీకి నవ్వొచ్చింది. ఖాదర్‌వలి మాత్రం వెళ్ళి పొయ్యిలో కట్టెలు బయటికి లాగాడు.

హకీం మిగిలిన వేళ్ళలోంచి ఒక్క గుప్పెడు తీసుకున్నాడు. కడిగి, కచ్చాపచ్చాగా దంచి, కొత్త మట్టిపిడతలో వేసి చన్నీళ్ళు పోశాడు. మూతికి తడిగుడ్డ కట్టి, గోడకానుకుని తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"కూర్చోవాలి."

"మరి నిప్పు?"

"వద్దు."

ఖాదర్‌వలికి కాలు నిలవలేదు. గుడ్డెత్తి చూస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. పిడతలో ముక్కు పెడితే తప్ప వాసన లేదు. 'ఈ నీళ్ళకా తగ్గేది!' అనుకున్నాడు. అనుకుంటూనే గడియకోసారి పోయి మళ్ళీ తొంగిచూశాడు.

మర్నాడు పొద్దున వడకట్టి తాగించారు. మధ్యాహ్నం ఇంకోసారి. పొద్దు వాలేసరికి కాసింబీ లేచి కూర్చుంది.

"ఒరే తమ్ముడూ, ఇంత సంగటుంటే పెట్టరా."

వాడికి ఏడుపొచ్చినంత పనైంది. సంగటి కలిపి అక్క చేతికిచ్చి, గడప దాటుతున్న గురువు దగ్గరికి పరిగెత్తాడు.

"ఉస్తాద్! అదే వేరు, అదే నీళ్ళు. అంత కాచినా నాకు రాని గుణం మీకెట్లా వచ్చింది?"

ఆయన చెప్పుల్లో కాళ్ళు దూర్చుకున్నాడు.

"నువ్వు దాన్ని గద్దించి అడిగావు. నేను అడిగి, కూర్చున్నాను."