మౌనగిరి మీద వినబడని గంట

పూర్వం స్పెయిన్ దేశపు రాజు సముద్రాలు దాటి తన ఏలుబడిని విస్తరింపజేస్తున్న కాలంలో, దూరపు పశ్చిమాన ఒక ఎడారిలోయలో, పాద్రే బెనీతో అనే సన్యాసి మట్టి ఇటుకలతో మరియమాతకు గుడి కట్టి, కొండజనానికి జ్ఞానస్నానమిచ్చి, గోధుమ సాగు నేర్పుతూ ఉండేవాడు. ఆనాడు ఒక కట్టడి ఉండేది: గుడిగంట ఎంతదూరం వినబడితే అంతదూరంలోని మనుషులంతా గుడికి చెందినవారే, దిగిరానివారిని సిపాయిలు పట్టి తెచ్చేవారు. దేవుడి చెవికి చిరుగంటైనా చాలు గాని, రాజుగారి ఆశకు చాలదు కదా! పెద్దగంట పోతపోయమని ఆజ్ఞ వచ్చింది.

గుడి వంటశాలలో రొట్టెలు కాల్చే ఇనేస్ అనే కొండజాతి స్త్రీ ఆ మాట విని కొండవైపు చూసింది. లోయలో సోకిన తట్టుకు ఆమె బిడ్డలిద్దరూ ఏడాది కిందటే పోయారు. మిగిలింది కొండమీద ఉంటున్న ముసలితల్లి తాయా ఒక్కతే. గంట అక్కడిదాకా వినబడిందా, ఆమెనూ ఈ రోగాల లోయలోకి ఈడ్చుకొస్తారు.

గంట పోతపోసిన నాడు ఆచారం ప్రకారం ఆడవాళ్ళంతా తమకు ప్రియమైన నగ ఒకటి కరిగిన కంచులో వేశారు. ఇనేస్‌కు నగలెక్కడివి? బిడ్డల సమాధిమీది పిడికెడు మట్టి తెచ్చి, "మరియతల్లీ, నువ్వూ బిడ్డను పోగొట్టుకున్నదానివే. మా అమ్మను కాపాడు" అని వేడుకుని అందులో వేసింది. మట్టి పడితే గంట పగులుతుందని పోతవారు గగ్గోలుపెట్టారు. గంట పగలలేదు, లోయంతా తీయగా మోగింది.

అది ఎందాకా వినబడుతుందో తేల్చడానికి పాద్రే స్వయంగా కొండెక్కాడు. సగందారిలో ఒక నల్లబండ దగ్గర తాయా కూర్చుని ఉంది. అక్కడినుండి చూస్తే కింద గంట ఊగుతూనే ఉంది, మోత మాత్రం లేదు. ఆ నిశ్శబ్దంలో ఆయనకు ఇద్దరు పసివాళ్ళ నవ్వు వినబడింది. తాను స్వహస్తాలతో పూడ్చిన ఇనేస్ బిడ్డల గొంతులవి.

"ఏం వినబడింది నాయనా?" అని తాయా అడిగింది.

"గంట వినబడలేదమ్మా," అంటూ పాద్రే ఆ బండమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. సిపాయిలకూ ఆ మాటే ప్రమాణం చేసి చెప్పాడు. తాయా తన కొండమీదే నిండుగా బతికింది.

అప్పటినుండి ఆ కొండకు మౌనగిరి అని పేరు. ఆ గంట నేటికీ మోగుతుంది; నల్లబండ దగ్గరికి చేరితే మాత్రం వినబడదు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు నడిచివచ్చి అక్కడ చాలాసేపు కూర్చుంటారు. దిగివచ్చినవారికి ఊరివాళ్ళు మంచినీళ్ళిస్తారు గాని, ఏం వినబడిందని ఎవరూ అడగరు.